మా పిల్లల టీచర్ ఏ బడిలో ఉంటారు, మంత్రి గారూ?

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2025 ఏప్రిల్‌లో మీ ప్రభుత్వం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. ఎస్జీటీలు (ప్రైమరీ టీచర్లు) 1,136, స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూల్ టీచర్లు) 1,124. ఆ వార్త చూసి మా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకరికొకరం శుభాకాంక్షలు చెప్పుకున్నాం. ఎన్నో ఏళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగుల భుజాల మీద నడుస్తున్న పనికి రెగ్యులర్ పోస్టులు రావడం చిన్న విషయం కాదు. అందుకు ముందుగా కృతజ్ఞతలు. నాకు పదకొండేళ్ల కూతురుంది, ఆటిజం. విశాఖపట్నంలో మధురవాడ వైపు ఉంటాం. ఈ ఉత్తరం ఆ పోస్టుల గురించే.

ఆ టీచర్లలో మా జిల్లాకి ఎంతమంది? ఏ ఏ బడుల్లో ఉంటారు? ఏ పిల్లలకి నేర్పడానికి చదువుకున్నవాళ్లు? ఈ మూడు ప్రశ్నలకి ఒక్క చోట జవాబు దొరకడం లేదు.

మూడో ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో కొంచెం వివరంగా చెప్పాలి. బయటివాళ్లకి స్పెషల్ టీచర్ అంటే అందరూ ఒకటే అనిపిస్తుంది. కానీ భారత పునరావాస మండలి గుర్తించే స్పెషల్ బీఈడీ, డిప్లొమా కోర్సులు ఒక్కో వైకల్యానికి ఒక్కో రకంగా ఉంటాయి. వినికిడి లోపం ఉన్న పిల్లలకి నేర్పేవాళ్ల చదువు వేరు, బ్రెయిలీ నేర్పేవాళ్ల చదువు వేరు, మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసేవాళ్ల చదువు వేరు. పంటి నొప్పితో వెళ్లినవాళ్లని కంటి డాక్టర్ దగ్గర కూర్చోబెడితే ఎలా ఉంటుందో, ఆటిజం పిల్లలు ఎక్కువగా ఉన్న బడికి బ్రెయిలీలో శిక్షణ పొందిన టీచర్‌ని పంపినా అలాగే ఉంటుంది. ఆ టీచర్ తప్పేమీ ఉండదు. ఖాళీ భర్తీ అయినట్టు కాగితం మీద కనిపిస్తుంది, పిల్ల మాత్రం వెనక బెంచీలోనే ఉండిపోతుంది.

మా అమ్మాయి కార్ షెడ్ జంక్షన్‌లో ఆగే ప్రతి బస్సు బోర్డూ చదువుతుంది. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా. కానీ నలభై మంది ఉన్న గదిలో బెల్ మోగితే రెండు చెవులూ మూసుకుని బల్ల కిందకి దూరుతుంది. చదువు రాక కాదు, ఆ శబ్దం భరించలేక. ఈ తేడా తెలిసిన మనిషి బడిలో ఒక్కరుంటే చాలు. బెల్‌కి రెండు నిమిషాల ముందు తనని వరండాలోకి తీసుకెళ్తారు. రోజులో ఏ పని తర్వాత ఏది వస్తుందో బొమ్మల కార్డులు పెట్టి చూపిస్తారు. పరీక్షలో ప్రశ్న ఎలా అడిగితే తనకి అర్థమవుతుందో మ్యాథ్స్ సార్‌కి చెప్తారు. వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని పెద్ద పేరు పెట్టారు గానీ అసలు పని ఇదే. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు.

ప్రైమరీలో ప్రతి పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, ఆ పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క ప్రకారం మన జిల్లాకి ఎంతమంది కావాలో తెలియాలంటే ముందు అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో తెలియాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ ఐదేళ్లకోసారి బడి పిల్లలని సర్వే చేసి, ఎవరికి ఏ అవసరం ఉందో గుర్తించమంటోంది. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లని ఎవరైనా గుర్తిస్తారు. డిస్లెక్సియా ఉన్న పిల్లాడిని మాత్రం క్లాసులో మొద్దు అనో, బద్ధకస్తుడు అనో అంటారు. వాడు లెక్కలోకి రాడు. లెక్కలోకి రాకపోతే వాడి పేరు మీద రావాల్సిన టీచర్ పోస్టూ రాదు. గుర్తించడానికి క్లాస్ టీచర్లకి ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల 'ప్రశస్త్' యాప్ ఉంది, అందులో చట్టం గుర్తించిన 21 వైకల్యాలకీ ప్రశ్నలున్నాయి. కానీ మధ్యాహ్న భోజనం ఫొటోలు, హాజరు, ఇంకా ఇలాంటి ఆన్‌లైన్ నమోదుల మధ్య పాపం ఆ టీచర్ దాన్ని ఎప్పుడు తెరుస్తారు?

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. మా అమ్మాయికి మొట్టమొదట 'ఇవ్వు' అనే మాట నేర్పింది అక్కడి ఒక ఐఈఆర్‌టీ (కాంట్రాక్టు మీద పనిచేసే స్పెషల్ టీచర్) మేడమే. బిస్కెట్ చేతిలో పట్టుకుని, పిల్ల తన కళ్లలోకి చూసేదాకా ఓపిగ్గా ఆగేవారు. ఎండలో ఇళ్లకి కూడా వెళ్లి, మంచం మీదున్న పిల్లలకి చదువు చెప్పేవారు. అంత పని చేసే మనిషికి ప్రతి ఏడాదీ రెన్యువల్ టెన్షనే. నేను చూసిన కేంద్రాల్లో ఫిజియోథెరపిస్ట్ వారంలో కొన్ని రోజులే వస్తారు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చేసేవాళ్లు ఉండరు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి ఫిజియో ప్రాణం లాంటిది, కాదనను. కానీ మాటలు రాని పిల్లకి కావాల్సింది స్పీచ్ థెరపీ. అది కావాలంటే ప్రైవేటు సెంటర్‌కి వెళ్లాలి. ముప్పావు గంట సెషన్‌కి కట్టే ఫీజు కూలి పనికి వెళ్లే ఇంట్లో ఒక రోజు సంపాదనని మింగేస్తుంది. వారానికి మూడు నాలుగు సెషన్లు, అలా ఏళ్ల తరబడి. అందుకే మా గ్రూపులో తల్లులు చాలామంది ఉద్యోగం మానేసినవాళ్లే. తండ్రి మానేసిన ఇల్లు నాకు ఇంకా ఎదురుపడలేదు (ఇది మీ శాఖ పరిధిలో లేదని తెలుసు).

ప్రైవేటు బడుల సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. ఫోన్ చేస్తే సీట్లున్నాయంటారు. పిల్లని తీసుకెళ్లి చూపించాక ఉండవు. చేర్చుకున్న చోట కూడా 'షాడో టీచర్‌ని (క్లాసులో పిల్ల పక్కనే ఉండే సహాయకురాలిని) మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోండి' అంటారు. వైకల్యం పేరు చెప్పి అడ్మిషన్ నిరాకరించకూడదని, పిల్ల అవసరానికి తగ్గ సర్దుబాట్లు బడే చేయాలని వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ చెప్తోంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడికీ అది వర్తిస్తుంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఇచ్చే 25 శాతం సీట్లలో అనాథలకి, హెచ్‌ఐవీ బాధితులకి, దివ్యాంగులకి కలిపి 5 శాతం మన రాష్ట్రంలో కేటాయించారు. ఆ 5 శాతంలో విశాఖలో ఎంతమంది దివ్యాంగ పిల్లలు చేరారో ఏ బడికి ఆ బడిగా, పిల్లల పేర్లు లేకుండా, అంకెలు బయటపెట్టండి. అంకె సున్నా ఉన్న బడి ఆ ఏడాది తల్లిదండ్రులకి ఫోన్‌లో ఏం చెప్పిందో మేం చెప్తాం.

ఇక సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ సర్టిఫికెట్. ఆరు వేల పెన్షన్ చాలా ఇళ్లలో బియ్యం, మందులు, థెరపీ ఆటో ఖర్చు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. నా బాధ పెన్షన్‌కి పెట్టిన 40 శాతం గీత గురించి. పిల్ల థెరపీతో నాలుగు మాటలు నేర్చుకుంటే సంతోషించాలి కదా. కానీ మళ్లీ పరీక్షకి పిలిచినప్పుడు ఆ నాలుగు మాటలూ డాక్టర్ ముందు చెప్పేస్తే పర్సంటేజీ తగ్గుతుందేమోనని తల్లి గుండె దడదడలాడుతుంది. ఈ మాట పైకి ఎవరూ అనరు, క్యూలో నిలబడ్డ ప్రతి తల్లికీ తెలుసు. వికలాంగుల హక్కుల చట్టాన్ని జాగ్రత్తగా చదివితే, ఉచిత విద్య హక్కు 40 శాతం దాటిన పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉంది. బడిలో సాయం, సర్దుబాట్లు మాత్రం ఏ శాతమూ చెప్పకుండా వైకల్యం ఉన్న పిల్లలందరికీ ఇవ్వమన్నారు. కింది స్థాయిలో మాత్రం అన్నింటికీ ఆ సర్టిఫికెట్టే అడుగుతున్నారు. స్పెషల్ టీచర్ సాయానికి సదరం సర్టిఫికెట్ అక్కర్లేదని మీ శాఖ ఒక పేజీ సర్క్యులర్ ఇస్తే ఖజానాకి రూపాయి ఖర్చు లేదు. రేపు పొద్దున్నే ఇవ్వొచ్చు.

చిన్నపిల్లల దగ్గర జరిగే ఆలస్యం ఇంకా పెద్దది. 'మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు', 'వాళ్ల నాన్నకీ నాలుగేళ్లదాకా మాటలు రాలేదు' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. ఈ లోపు బంగారం లాంటి రెండేళ్లు పోతాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలని చూడాలి. 2023 నవంబర్‌లో కేంద్రం అంగన్‌వాడీల కోసం దివ్యాంగ పిల్లల మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. అంటే అనుమానం మొదలయ్యే చోటు ఆరోగ్యశాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖలది. సాయం దొరకాల్సిన చోటు మీది. మధ్యలో ఫైలు మోసేది తల్లి. అంగన్‌వాడీలో మొదటి అనుమానం వచ్చిన రోజే ఆ పిల్ల వివరాలు మండల ఐఈఆర్‌టీకి చేరితే, ఐదేళ్లకి బడిలో చేరే రోజున ఆ బడికి అంతా ముందే తెలిసి ఉంటుంది. మూడు శాఖల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మీకు కష్టమైన పని కాదు, ఐటీ శాఖ కూడా మీ దగ్గరే ఉంది.

మధురవాడలో ఉన్నాం కాబట్టి మాకు కనీసం బస్సులైనా ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోయాయి గానీ పాడేరు, అరకు, ముంచంగిపుట్టు నుంచి పిల్లలని ఎత్తుకుని వచ్చేవాళ్లకి ఇప్పటికీ విశాఖే దిక్కు. 'గుంటడికి మాటలు రావట్లేదమ్మా, ఏటి సెయ్యాలో తెల్డం లేదు' అని ఒకావిడ ఆసుపత్రి మెట్ల మీద నన్ను అడిగింది. నేను డాక్టర్‌ని కాదు. నాకు తెలిసిన రెండు నంబర్లు ఇచ్చాను. ఆమె మళ్లీ ఘాట్ రోడ్డెక్కి వెళ్లాలి, వచ్చే వారం మళ్లీ దిగాలి, ఆ రెండు రోజుల కూలీ పోవాలి. ఏజెన్సీలో జనం ఎలాగూ వారం వారం సంతకి దిగుతారు. సంత రోజున, సంత జరిగే చోటే, ఒక స్పీచ్ థెరపిస్ట్, ఒక సైకాలజిస్ట్, ఒక స్పెషల్ టీచర్ కూర్చుంటే సగం ప్రయాణాలు తప్పుతాయి. కువి, కొండ భాషలు వచ్చిన మనిషి ఒకరు పక్కనుండాలి. పిల్లకి అసలు మాటలు రావా, తెలుగు మాత్రమే రాదా అన్నది తేల్చకుండా రిపోర్టు రాసేస్తే ఆ కాగితం పిల్ల జీవితాంతం వెంట వస్తుంది.

పెద్ద స్థాయి పరీక్షలకి, శిక్షణకి ఒకప్పుడు సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే పక్క రాష్ట్రంలో, 700 కిలోమీటర్ల దూరంలో. మన రాష్ట్రంలో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన కాంపోజిట్ ప్రాంతీయ కేంద్రం నెల్లూరులో ఉంది. ఇక్కడి నుంచి 600 కిలోమీటర్లు. రైలు బోగీలో జనాన్ని, లైట్లని, అరుపులని తట్టుకోలేని పిల్లతో రాత్రంతా ప్రయాణం ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. ఉత్తరాంధ్ర మొత్తానికి విశాఖలో అలాంటి కేంద్రం కావాలని మీరు ఢిల్లీని అడగండి. స్థలం లేదనకండి. మా ఇంటికి దగ్గరలోనే రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు. ఉద్యోగాలొస్తాయంటే సంతోషమే, మా గ్రూపులోనే ఐటీలో పనిచేసే తండ్రులున్నారు. అదే చేత్తో, అదే ధరకి, మా పిల్లలకి ఒక్క ఎకరం ఇవ్వండి. బస్సు ఆగే చోట ఇవ్వండి, కొండ మీద వద్దు.

పద్దెనిమిదేళ్లు దాటాక ఏంటన్నది మరో ఉత్తరం అంత ఉంది. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి మేజర్ అయ్యాక సంరక్షకుడిని నియమించడానికి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. అదే చట్టం కింద 'నిరామయ' బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంది. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగానే ఈ రెండూ తల్లిదండ్రులకి చెప్పే బాధ్యత స్పెషల్ టీచర్‌దే అని రాతలో పెట్టండి.

మళ్లీ ఆ పోస్టుల దగ్గరికి వస్తాను. కొత్త పథకం ఏదీ ప్రకటించక్కర్లేదు. భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి, గాజువాక, పెదగంట్యాడ ఇలా జిల్లాలో ఉన్న 11 మండలాలకీ ఒక జాబితా చాలు. మండలం, బడి పేరు, అక్కడ గుర్తించిన పిల్లలు ఎంతమంది, ఏ వైకల్యం వాళ్లు ఎంతమంది, అక్కడున్న స్పెషల్ టీచర్ ఏ కోర్సు చేశారు, ఖాళీ ఉంటే ఎప్పటి నుంచి. పిల్లల పేర్లు వద్దు. ప్రతి మూడు నెలలకీ దాన్ని ప్రతి ఎంఈవో ఆఫీసు గోడ మీద, ప్రతి వార్డు సచివాలయం గోడ మీద తెలుగులో అంటించండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు మొదటిది రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
మధురవాడ, విశాఖపట్నం