మన సంఘం వార్షిక నివేదిక (2024–25): కాశీ తెలుగు కుటుంబాలు, భారత్ కళాభవన్

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

కార్యవర్గం పక్షాన ఈ సంవత్సరపు కార్యకలాపాల నివేదికను మీ ముందుంచుతున్నాను. ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక దీపాలు, యాత్రికులకు వసతి సాయం ఎప్పటిలాగే సవ్యంగా జరిగాయి. వాటి జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచినందున ఇక్కడ వివరించడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ చోటును, గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన కొత్త పనికి, అంటే కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోని కళా సంగ్రహాలయమైన భారత్ కళాభవన్‌ను మన కుటుంబాలకూ మన యాత్రికులకూ దగ్గర చేసే ప్రయత్నానికి కేటాయించాను.

తొమ్మిది నిద్రలు చేయాలని వచ్చే మన తెలుగువారిలో చాలామంది విశ్వవిద్యాలయ ఆవరణలోని కొత్త విశ్వనాథాలయాన్ని దర్శించుకుని వెనుదిరుగుతారే తప్ప, అదే ఆవరణలో ఉన్న కళాభవన్ గడప తొక్కరు. మానసరోవర్ ఘాట్, కేదారఘాట్ పరిసరాల్లో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్లలోనూ దాన్ని చూడనివారు ఎక్కువేనని ఈ పని మొదలుపెట్టాకే తెలిసింది.

ఈ సంగ్రహం ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టినది కాదు. కాశీవాసి రాయ్ కృష్ణదాస్ తన సేకరణతో 1920లో భారతీయ కళాపరిషత్తును నెలకొల్పగా, రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి తొలి అధ్యక్షులయ్యారు. ఆ సేకరణ తరువాత హిందీ భాషా సంస్థ అయిన నాగరీ ప్రచారిణీ సభ ఆశ్రయంలో ఉండి, 1950లో విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ ఏడాదే జవాహర్‌లాల్ నెహ్రూ కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఒక ఊరి మనిషి పోగుచేసిన వస్తువులు ఆ ఊరు దాటిపోకుండా విద్యార్థులకూ ఊరివారికీ ఒకే కప్పు కింద అందుబాటులో ఉండటం ఎంత అరుదైన భాగ్యమో, అమ్ముడుపోయి దేశాలు దాటిన మన విగ్రహాల కథలు విన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేడు అక్కడ లక్షకు పైగా వస్తువులున్నాయి. మొఘల్, రాజస్థానీ, పహాడీ సూక్ష్మచిత్రాలకు ఆ సంగ్రహం ప్రత్యేకంగా పేరుపొందింది.

ఈ ఏడాది మూడు విడతలుగా మన పిల్లలనూ పెద్దలనూ తీసుకువెళ్లాం. అందరినీ ఎక్కువసేపు నిలబెట్టింది గోవర్ధనగిరిని ఎత్తిన కృష్ణుడి శిల్పం. గుప్తుల కాలానికి చెందిన ఆ నిలువెత్తు విగ్రహం ఇదే నగరంలోని బకరియా కుండ్ దగ్గర దొరికింది. ఆ సంగతి చెప్పగానే ఒక పిల్లవాడు "మన ఊళ్లోనేనా?" అని రెట్టించి అడిగాడు. శిల్పకళ గురించి మేము సిద్ధం చేసుకున్న మాటలన్నిటికంటే ఆ ఒక్క ప్రశ్నే ఆ రోజు ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. భాగవత పద్యాలు నోటికి వచ్చిన మన పెద్దవారు ఆ విగ్రహం ఎదుట నిలబడి గోవర్ధనోద్ధరణ ఘట్టాన్ని చదువుతుంటే, తెలుగు తెలియని సందర్శకులు కూడా ఆగి విన్నారు.

బకరియా కుండ్ ఉన్న అలయీపురా నేతగాళ్ల పేట. మన ఇళ్లలో పెళ్లికి తప్పనిసరి అనుకునే బనారసు చీరలు అటువంటి పేటల మగ్గాల మీదనే పుడతాయి. కళాభవన్ వస్త్ర సంగ్రహంలోని పాత జరీ నేతల ముందు మన మహిళా సభ్యులు తమ అమ్మమ్మల చీరల అంచులను గుర్తుచేసుకున్నారు. బుటీని, అంటే చీర మీది చిన్న పువ్వును, ఒక్కొక్కటినీ విడిగా నేసే కఢువా పద్ధతికీ, నేసిన తరువాత వెనుక వేలాడే పోగులను కత్తిరించే పద్ధతికీ ఉన్న తేడాను మనతో వచ్చిన ఒక నేతగాడు విడమరచి చెప్పారు. మరమగ్గాల పోటీలో చేతి పని మరుగునపడుతున్న ఈ రోజుల్లో, పాత నమూనా ఒకటి కళ్లెదుట భద్రంగా ఉండటం ఆయన వృత్తికి పెట్టుబడి వంటిదే. విశ్వవిద్యాలయ కళా సంగ్రహాలయం ఊరికి చేసే మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందుగా ఈ నేతగాడినే చూపిస్తాను.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1939 నుంచి 1948 వరకు ఈ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నారన్నది మన పిల్లల్లో చాలామందికి కొత్త విషయమైంది. వచ్చే ఏడాది దీనిపై వారిచేతనే చిన్న ప్రసంగాలు చేయించాలని అనుకుంటున్నాం.

లోటుపాట్లను దాచడం సరికాదు. వేసవిలో అనుకున్న నాలుగో సందర్శన ఎండల వల్ల ఆగిపోయింది. యాత్రికుల కోసం తెలుగులో తయారుచేయదలచిన కరపత్రం సగమే పూర్తయింది. శిల్పాల పేర్లనూ కాలాలనూ నిపుణుల చేత సరిచూపించకుండా అచ్చు వేయకూడదని కార్యవర్గం నిర్ణయించినందువల్ల ఆ ఆలస్యం జరిగింది, అది సబబేనని నమ్ముతున్నాను. స్విస్ కళాకారిణి ఎలిస్ బోనర్, రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ పేర్ల మీద కళాభవన్‌లో ఉన్న ప్రదర్శనశాలలను సమయాభావం వల్ల పైపైనే చూశాం.

వచ్చే సంవత్సరం కరపత్రాన్ని పూర్తిచేసి మన వసతి గదులన్నిటిలో ఉంచాలనీ, యాత్రికులను వెంటబెట్టుకు వెళ్లి తెలుగులో వివరించగల కార్యకర్తలను తయారుచేయాలనీ ప్రతిపాదిస్తున్నాం. ఇందుకు వారానికి ఒక పూట ఇవ్వగల సభ్యులు, ముఖ్యంగా పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, శ్రావణ మాసం లోపల తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.