నీటి దారిలో ప్లాట్లా?

సంపాదకునికి,

విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంటి గోడ మీద 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరద చార ఇంకా ఉంది. రెండుసార్లు రంగు వేయించినా నడుము ఎత్తున మళ్లీ పసుపుగా తేలుతోంది. ఆ రాత్రి మా అత్తయ్యను మంచం మీద మంచం వేసి కూర్చోబెట్టాం.

ఇప్పుడు దగ్గరలోని పల్లపు పొలంలో ఎర్రమట్టి తోలి, హద్దురాళ్లు పాతారు. లేఅవుట్ ప్లాను ఇంకా పరిశీలనలోనే ఉందట. ప్లాట్లకు బయానాలు మాత్రం మొదలయ్యాయి! గట్టు పక్కన పారే పంట బోదె (చిన్న కాలువ) సగం పూడిపోయింది. మొన్నటి వరద నీరు చాలావరకు నిలిచింది ఆ పల్లంలోనే. దాన్ని మెరక చేస్తే ఆ నీరు ఎవరి ఇంట్లోకి రావాలి?

లేఅవుట్‌లో 10 శాతం స్థలం ఖాళీగా వదలాలన్న నిబంధన మంచిదే. కానీ పార్కు చూపించి బోదెను మరిచిపోతే ఏం లాభం? అధికారులు నక్షా పట్టుకుని వానాకాలంలో ఇక్కడికి రావాలి, మా మాట వినాలి. బోదెను పాత వెడల్పుకు తవ్వించాకే అనుమతి ఇవ్వాలి. కొనేవారు కూడా ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య), రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు చూడకుండా బయానా ఇవ్వవద్దని నా మనవి.

– ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ