తాళం వేసిన గ్రిల్లు వెనుక పుస్తకాల యంత్రం

సంపాదకులకు,

అయ్యా,

మా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పుస్తకాలను వాపసు తీసుకునే యంత్రాన్ని ప్రారంభించిన వార్తను మీరు గత వారం జిల్లా పేజీలో ఛాయాచిత్రంతో సహా ప్రచురించారు. ఇకమీదట పాఠకులు ఏ వేళలోనైనా వచ్చి పుస్తకం అప్పగించి వెళ్లవచ్చునని అందులో రాశారు. ఆ మాట నిజం కాదు. యంత్రాన్ని పఠన మందిరం దాటిన తరువాత, ఇష్యూ కౌంటరు పక్కన, ఇనుప గ్రిల్లుకు లోపలి వైపున పెట్టారు. గ్రంథాలయం మూసినప్పుడల్లా ఆ గ్రిల్లుకు తాళం పడుతుంది. అంటే కౌంటరులో మనిషి ఉన్నంతసేపే యంత్రమూ అందుబాటులో ఉంటుంది. రాత్రి దుకాణం కట్టేశాక ఇంటికి వెళ్లే గుమాస్తాకు గాని, షిఫ్టు ముగించుకుని వచ్చే నర్సుకు గాని, శుక్రవారం సెలవని మరిచి పక్క మండలం నుంచి బస్సెక్కి వచ్చిన విద్యార్థికి గాని దానివల్ల కలిగిన మేలు ఏమిటో ప్రారంభోత్సవంలో ప్రసంగించిన పెద్దలు చెప్పాలి.

ఈ యంత్రం పనిచేసే తీరు తెలిస్తే దాన్ని ఎంత తొందరపడి తెచ్చారో అర్థమవుతుంది. పుస్తకం అట్ట లోపల అంటించిన పలుచని ట్యాగులో ఒక చిన్న చిప్పు, దాని చుట్టూ యాంటెన్నా తీగ ఉంటాయి. దానికి బ్యాటరీ అక్కరలేదు. యంత్రం 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పంపే తరంగాలతోనే అది మేల్కొని తన సంఖ్యను చెబుతుంది. యంత్రం ఆ సంఖ్యను గ్రంథాలయ సాఫ్ట్‌వేరుకు పంపి, పాఠకుడి ఖాతాలోంచి పుస్తకాన్ని తీసివేయించి, ద్వారం దగ్గర అలారం మోగించే భద్రతా గుర్తును ట్యాగులో తిరిగి అమర్చి, రసీదు ఇస్తుంది. ఇదంతా జరగాలంటే ముందుగా ప్రతి పుస్తకానికీ ట్యాగు ఉండాలి, ప్రతి పుస్తకం వివరమూ కంప్యూటరులోకి ఎక్కి ఉండాలి. మా గ్రంథాలయంలో ట్యాగులు వేసింది ఇటీవల కొన్న పుస్తకాలకు మాత్రమే. దశాబ్దాలుగా జనం చదువుతూ వస్తున్న నవలలు, కథా సంపుటాలు, ఆత్మకథలు సిరాతో రాసిన సంఖ్యతో, వెనుక అట్టకు అతికించిన తేదీ చీటీతో అలాగే ఉన్నాయి. వాటిని పెడితే యంత్రం వెనక్కి నెట్టేస్తుంది. ట్యాగు ఉన్న పుస్తకమైనా సిబ్బంది మళ్లీ రిజిస్టరులో రాసుకుంటేనే జమ అయినట్టు లెక్క. రిజిస్టరులో నమోదు కాలేదన్న కారణంతో, యంత్రం ఇచ్చిన రసీదు చూపించినా నా దగ్గర ఆలస్య రుసుము వసూలు చేశారు. ఆ రసీదు కూడా కొద్ది వారాల్లో అక్షరాలు వెలిసిపోయే కాగితం మీద వస్తుంది కనుక, తరువాత ఎవరైనా అడిగితే చూపడానికి పాఠకుడి చేతిలో ఆధారం మిగలదు.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. అమెరికాలో మా పిల్లలుండే ఊరికి వెళ్లినప్పుడు, గ్రంథాలయం బయటి గోడకున్న సందులో జనం అర్ధరాత్రి కూడా పుస్తకాలు వేసి వెళ్లడం చూశాను. 2004లో తెరిచిన సియాటిల్ కేంద్ర గ్రంథాలయంలో తిరిగి వచ్చిన పుస్తకాలను యంత్రాలే వేరు చేస్తాయి. దానివల్ల మిగిలిన సమయాన్ని సిబ్బంది పాఠకులకు ఇవ్వగలరు. పాఠకుడి సమయం కాపాడమని మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే సూత్రీకరించారు. సమయం కాపాడటానికి మా ఊళ్లో ముందుగా కావలసింది బయటి గోడకు తపాలా డబ్బా వంటి ఒక ఇనుప పెట్టె. దానికి టెండర్లూ అక్కరలేదు, రిబ్బను కత్తిరింపులూ అక్కరలేదు.

అసలు కొరత డబ్బుది, మనుషులది. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మేమందరం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మా పురపాలక సంఘం వసూలు చేయడంలో చూపే శ్రద్ధ జమ చేయడంలో చూపడం లేదు. బకాయిలు పేరుకుపోతుంటే అడిగే అధికారి లేడు. పదవీ విరమణ చేసిన గ్రంథపాలకుల స్థానాలు ఖాళీగానే ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కుర్చీలు చాలక మెట్ల మీద, చెట్ల కింద కూర్చుంటున్నారు. మధ్యాహ్నం తాగునీరు దొరకదు. పత్రికల విభాగంలో తెలుగు మాసపత్రికలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఇన్ని లోట్ల మధ్య ఉన్న డబ్బును ఫొటోలో బాగా కనిపించే వస్తువు మీద పెట్టడం నాకు బాధ కలిగిస్తోంది.

ఇది గ్రంథాలయోద్యమం నడిచిన నేల. 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు రాష్ట్రస్థాయి సభ జరుపుకున్నారు. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తీసుకువెళ్లి ఒడ్డునున్న ఊళ్లవారికి ఇచ్చి, తిరిగి తీసుకున్నారు. ఆనాటి కార్యకర్తలు పాఠకుడున్న చోటికి వెళ్లారు. నేటి అధికారులు యంత్రాన్ని గ్రిల్లు దాటించి గోడ బయటికైనా తేలేకపోతున్నారు.

యంత్రాన్ని వీధి వైపు గోడకు మార్చి, పైన రేకు వేసి, దీపం పెట్టించాలని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను. పాత పుస్తకాలన్నిటికీ ట్యాగులు వేసే పని ఎప్పటికి పూర్తవుతుందో నోటీసు బోర్డులో తేదీతో ప్రకటించాలి. అప్పటిదాకా యంత్రం రసీదునే చెల్లుబాటుగా ఎంచి, దాన్ని కాదని వసూలు చేసిన ఆలస్య రుసుములను సభ్యులకు తిరిగి చెల్లించాలి. పురపాలక సంఘం గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలు చేసిందో, అందులో ఎంత జమ చేసిందో మీ విలేఖరి అడిగి తెలుసుకుని, ఆ వివరాలను అదే జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
ఒక గ్రంథాలయ సభ్యుడు