బిహారోళ్ల జట్టు, మనోళ్ల జట్టు వద్దు

సంపాదకులకు నమస్కారం.

పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో ఒడిశా, బిహార్, బెంగాల్ కార్మికులూ స్థానిక యువకులూ ఒకే వీధిలో ఉంటున్నా మాటామంతీ తక్కువ. వాళ్లను కలపాలని ఆదివారాలు కబడ్డీ పోటీలు పెట్టడం మంచిదే. కానీ ‘మనోళ్లు’, ‘బిహారోళ్లు’ అని జట్లు కడితే వారమంతా లేని గొడవ ఆదివారం మొదలవుతుంది. 28 మంది వస్తే చీటీలు వేసి ఏడుగురేసి నాలుగు జట్లు చేయాలి. కూతకెళ్లేవాళ్లకు, కార్నర్లకు (కోర్టు మూలల్లో నిలబడి పట్టేవాళ్లకు) చీటీలు వేర్వేరుగా తీయాలి. లేకుంటే కూతగాళ్లంతా ఒకే జట్టులో పడొచ్చు.

కార్నర్‌లో ఉన్నవాడు పక్కవాడి చేయి పట్టుకునే నిలబడతాడు. కూతకొచ్చినవాడు కాలు చాపగానే ఒకడు మడమ అందుకోవాలి, రెండోవాడు అదే ఊపులో మీద పడాలి. అర సెకను ఆలస్యమైతే అవతలివాడు మధ్యగీత తాకేస్తాడు. ‘పట్టు!’ అని అరిస్తే వాడికీ తెలిసిపోతుంది కదా, అందుకే సైగ చేతిలోనే. ఒక్క నొక్కు. దానికి తెలుగూ అక్కర్లేదు, ఒడియా అక్కర్లేదు. అయితే ఆ నొక్కు కుదరడానికి రెండు మూడు ఆదివారాలు పడుతుంది. ఒక్కరోజు టోర్నీలో ఓడినవాళ్లు మధ్యాహ్నానికే ఇంటికి పోతారు. అదే నాలుగు జట్లు ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడితే 12 మ్యాచులు, ఆదివారానికి రెండు చొప్పున ఆరు వారాలు.

తగాదాలు ఎక్కువగా నిబంధనల దగ్గరే. మన చెడుగుడే మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్‌లో హాడుడు. ఊరికో పద్ధతి. గామిని పద్ధతిలో అవుటైనవాడు జట్టంతా అవుటయ్యేదాకా బయటే కూర్చుంటాడు. ఇప్పటి పోటీల్లో ఆడే సంజీవనిలో మనవాళ్లు అవతలి జట్టులో ఒకణ్ని అవుట్ చేస్తే మనలో అవుటైనవాడొకడు లోపలికొస్తాడు. ఇక లాబీ, అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే సన్నని పట్టీ, సంగతి సరేసరి: ఎవరూ ఎవరినీ తాకకముందు అందులో కాలు పెడితే అవుట్, తాకాక అది కూడా కోర్టే. ఈ రెండూ మొదటి మ్యాచుకు ముందే ఆడి చూపించాలి, చెబితే చాలదు.

కోర్టు 13 మీటర్ల పొడవు, లాబీలతో కలిపి 10 మీటర్ల వెడల్పు. తాడుతో మూలకు మూల కొలిస్తే 16.4 మీటర్లు రావాలి. రాకపోతే గీతలు వంకర పోయినట్టే. గీతలకు ముగ్గుపిండి వాడాలి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం. నేల తవ్వి, రాళ్లు ఏరి, జల్లెడ పట్టిన మట్టిలో రంపపు పొట్టు కలిపి, నీళ్లు చల్లి చదును చేయాలి. గరుకు నేల మీద మోకాలు చెక్కుకుపోతే మనకు ఒకరోజు సెలవు, రోజుకూలికి ఒకరోజు పస్తు.

అధికారులకు రెండు మనవులు. 2022 నుంచి ఏర్పాటైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల్లో ఫ్యాక్టరీల దగ్గరున్న వాటికైనా రాత్రి తొమ్మిది దాకా లైట్లు వెలగాలి. షిఫ్టు దిగి వచ్చేసరికే చీకటి పడుతుంది. పోటీల్లో పేరు రాసుకునేటప్పుడు స్థానిక చిరునామా ఉన్న ఆధార్ అడగొద్దు. కంపెనీ గుర్తింపు కార్డో, గది అద్దెకిచ్చిన యజమాని మాటో చాలదా?

— ఒక కబడ్డీ రెఫరీ, సంగారెడ్డి జిల్లా