క్రిస్మస్ భోజనం, హామ్ సంగతి

అందరికీ, 25న మధ్యాహ్నం రెండింటికి మా ఇంట్లోనే. నా లెక్కకి 14 మందిమి.

హామ్ (పంది తొడ మాంసం) తెచ్చేశాను. ఎముకతో ఉన్న 10 పౌండ్ల స్పైరల్ కట్, అంటే ఎముక చుట్టూ ముందే ముక్కలుగా కోసి ఉన్నది. ముందే ఉడికిందే, మనం వేడి చేసుకోవడమే. ఫ్రోజెన్ కాబట్టి 22 సాయంత్రమే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మారుస్తాను. పోయినేడు ముందురోజు తీస్తే ఎముక దగ్గర ఇంకా గడ్డకట్టే ఉంది, నాలుగున్నరకి తిన్నాం, గుర్తుందిగా! ఈసారి ఫాయిల్ కప్పి 325 ఫారెన్‌హీట్ డిగ్రీల మీద, లోపల థర్మామీటర్ 140 చూపించేదాకా ఉంచుతాను. ఆఖరి ఇరవై నిమిషాలు ఫాయిల్ తీసి బెల్లం, ఆవపిండి, పైనాపిల్ రసం కలిపి పూస్తా. ప్యాకెట్‌లో ఇచ్చే గ్లేజ్ (పైపూత) నాకు నచ్చదు, ఉత్త చక్కెర పాకం.

పొద్దుట్నుంచీ అవెన్ ఖాళీ ఉండదు. అందుకని అక్కా, గ్రీన్ బీన్ క్యాసరోల్ (అవెన్‌లో చేసే బీన్స్ వంటకం) మీ ఇంట్లోనే చేసి తీసుకురా. వదినా, మాష్డ్ పొటాటో మీది, స్టవ్ మీద అయిపోతుంది. తమ్ముడూ, నువ్వేమీ వండొద్దు బాబూ, మూడు డజన్ల డిన్నర్ రోల్స్ కొనుక్కురా చాలు.

పెద్దమ్మ, బాబాయి మాంసం ముట్టరు కాబట్టి పులిహోర వేరే బల్ల మీద, వేరే గరిటెతో.

మిగిలిన ఎముక నాదే, బఠాణీ పప్పు సూప్‌లో వేస్తా. డబ్బాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి. రాలేనివాళ్లు 20లోగా చెప్పండి.