సెయింట్ ఆండ్రూస్‌లో ఓ ఆదివారం

ఒరేయ్ మావా,

స్కాట్లాండ్ దాకా వచ్చి సెయింట్ ఆండ్రూస్ చూడకుండా వెళ్తే నువ్వు ఊరుకోవని తెలుసు. నిన్న కాళ్ళు పీకేదాకా అక్కడి గోల్ఫ్ మైదానం, అదే ఓల్డ్ కోర్సంతా తిరిగాను. ఆదివారం మామూలుగా అక్కడ ఆట ఉండదురా. ఊళ్ళోవాళ్ళు పిల్లల్నీ కుక్కల్నీ వెంటబెట్టుకుని ఫెయిర్‌వేల మీదే, అంటే ఆటాడే పొట్టి గడ్డి దారుల మీదే, షికారు చేస్తారు. నన్నూ ఎవరూ ఆపలేదు.

ఎందుకు ఆపుతారు, ఆ నేల ఊరిదే కదా! 1552లో ఆర్చిబిషప్ హామిల్టన్ అక్కడ కుందేళ్ళు పెంచుకుంటానని అడిగి, ఊరివాళ్ళ గోల్ఫ్ హక్కు అలాగే ఉంటుందని రాసిచ్చాడు. 1797లో ఊరి కౌన్సిల్ అప్పులపాలై అదే నేలను అమ్మేసింది. కుందేళ్ళ వ్యాపారులు దిగారు, బొరియలతో మైదానం పాడైంది, గొడవ కోర్టుకెక్కింది. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొన్నాడు కాబట్టి ఆట బతికింది. నాకైతే ఆయనకి దండం పెట్టాలనిపించింది.

ఇక కోర్సు సంగతి. సముద్రానికీ పొలాలకీ మధ్య ఇసుక నేల. ఊరి అంచున మొదలై ఈడెన్ నది ముఖద్వారం దాకా వెళ్ళి, కొక్కెంలా వంగి, పక్కనుంచే వెనక్కి వస్తుంది. ఒకప్పుడు వెళ్ళేటప్పుడు 11, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అవే, మొత్తం 22 హోల్స్ ఆడేవారు (బంతిని ఒక గుంటలో వేసేదాకా ఆడే భాగం ఒక హోల్). 1764లో నాలుగు పొట్టి హోల్స్‌ని రెండుగా కలిపేసరికి, వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు తగ్గి లెక్క 18కి దిగింది. ప్రపంచమంతా ఇప్పుడు ఆడే 18 అదేరా! తర్వాత జనం పెరిగితే గ్రీన్లు, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి జాగాలు, వెడల్పు చేసి ఒక్కోదాన్లో రెండేసి హోల్స్ పెట్టారు. అలాంటివి 7 ఉన్నాయి. 2కి జోడీ 16, 3కి జోడీ 15... ఏ జంట కూడినా 18 వస్తుంది. నడుస్తూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

బంకర్లు, అంటే బంతి చిక్కుకునే ఇసుక గుంటలు, వందకి పైనే. పద్నాలుగో హోల్లో ఉన్నదాని పేరే హెల్. కానీ నన్ను కట్టిపడేసింది పదిహేడో గ్రీన్‌ని ఆనుకుని ఉన్న చిన్న గుంట. దాని గోడంతా గడ్డిపెళ్ళలు ఒకదానిమీద ఒకటి, ఇటుకలు పేర్చినట్టు పేర్చారు. దగ్గరికెళ్ళి వంగి చూస్తే పొరల మధ్య ఎండిన గడ్డివేళ్ళు కనిపించాయి. బంతి ఆ గోడ కింద ఆగితే ముందుకి కొట్టే దారే ఉండదు, పక్కకో వెనక్కో తీయాల్సిందే. టీవీలో ఎన్నిసార్లు చూశాం, ఆ నిటారుతనం మనకేం తెలిసిందిరా?

కోర్సులో వాగు మీదున్న స్విల్కన్ వంతెన మరీ చిన్నది. పశువుల్ని దాటించడానికి కట్టిన రాతి వంతెన, నాలుగంగల్లో అయిపోతుంది. రెండుసార్లు దాటాను, రెండోది నీ పేరు మీద.

ఆడాలంటే బాలెట్లో పేరు వేయాలి, లాటరీ అన్నమాట. నీ ఆట స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ రెడీగా పెట్టుకో. ఈసారి ఇద్దరి పేర్లూ వేద్దాం.

నీ
మావ