ఆ చివరి పాయింట్లు తీసెయ్యొద్దమ్మా

పర్లాకిమిడి

అమ్మలూ,

నువ్వు బరంపురం నుంచి పంపిన గ్రాఫ్ బడి నుంచి రాగానే పెద్దది చేసి చూశాను. లాక్టిక్ యాసిడ్‌ని డైక్రోమేట్‌తో ఆక్సిడైజ్ చేస్తుంటే ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్, సబ్బులాంటిది) వేసేకొద్దీ రియాక్షన్ రేటు పెరిగి పెరిగి తర్వాత దిగిపోతోంది, చివరి పాయింట్లు ప్రాజెక్టులోంచి తీసేస్తానన్నావు కదా, తీసెయ్యొద్దమ్మా, నీ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చినవి అవే.

ఎస్‌డీఎస్ మామూలు నీళ్లలో లీటరుకి 8 మిల్లీమోల్స్ దాటితే (యాసిడ్, ఉప్పు ఉంటే ఇంకా ముందే) అణువులు ఓ 60 దాకా గుంపుకట్టి మిసెల్ అవుతాయి, తోకలు లోపలికీ నెగటివ్ తలలు బయటికీ. ఆ తలలు సల్ఫ్యూరిక్ యాసిడ్‌లోని హైడ్రోజన్ అయాన్లని చుట్టూ లాక్కుంటాయి, యాసిడ్‌లో డైక్రోమేట్ నుంచి వచ్చే క్రోమిక్ యాసిడ్ పని చెయ్యాలంటే కావాల్సింది కూడా అవే, అందుకే ముందు స్పీడ్ పెరిగింది. ఇంకా పోశావనుకో, మిసెల్స్ పెరుగుతాయి గానీ రియాక్టెంట్లు అన్నే ఉంటాయి కదా. గుణుపురానికి ఒక్క బస్సుంటే అందరూ ఒకళ్లకొకళ్లు తగుల్తారు, అదే జనానికి పది బస్సులేస్తే ఎవరు ఎవరికి దొరుకుతారు చెప్పు? పైగా ఎస్‌డీఎస్‌తో పాటు వచ్చే సోడియం అయాన్లు హైడ్రోజన్ అయాన్ల చోటు లాగేసుకుంటాయి.

సీటాబ్‌తో కూడా చేస్తావు కదా, అదీ సబ్బులాంటిదే, కాకపోతే దాని తలలు పాజిటివ్, క్రోమేట్ అయాన్లని పట్టుకుంటాయి గానీ హైడ్రోజన్ అయాన్లని దూరం తోసేస్తాయి, కాబట్టి అక్కడ రేటు పడిపోయినా కంగారుపడకు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త, అయానిక్ స్ట్రెంత్ (ద్రావణంలో మొత్తం అయాన్ల మోతాదు) కోసమని ఎస్‌డీఎస్‌లో పొటాషియం క్లోరైడ్ వెయ్యకు, పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ తెల్లగా విరిగిపోతుంది, చలికాలం పొద్దున్నయితే మరీను, ఆ మసకనే రంగు కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ రంగు అనుకుని రీడింగ్ ఇచ్చేస్తుంది. సోడియం సల్ఫేట్ వాడు. లాక్టిక్ యాసిడ్ లేకుండా ఎస్‌డీఎస్, డైక్రోమేట్ మాత్రమే కలిపి ఒక బ్లాంక్ కూడా పెట్టు, అది లేకపోతే ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే అదవుతుంది.

డైక్రోమేట్ క్యాన్సర్ తెచ్చే సరుకమ్మా, గ్లౌజులు లేకుండా ముట్టుకోకు, సింకులో అస్సలు పొయ్యకు. మన ఒడిశాలోని సుకిందా క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గనుల దగ్గర నీళ్లలోకి దిగిందని జనం భయపడేది ఈ ఆరో వేలెన్సీ క్రోమియంతోనే. ముందు యాసిడ్‌లో ఫెర్రస్ సల్ఫేట్ వేసి ఆకుపచ్చగా మార్చి, అప్పుడు వేస్ట్ సీసాలో పొయ్యి.

బ్లాంక్ రీడింగులు రాగానే పంపు, మీ నాన్న నేనూ కలిసి చూస్తాం.

అమ్మ